ఏ గుమ్మంలోకి పిలిచారు

ఫ్రెస్నో, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 1998

షెంగ్ అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకోకు. మా ఫోన్ వంటింటి గోడకుంది. దాని చుట్టూ అమ్మ, నాన్న, తమ్ముళ్లు, ఎప్పుడూ ఎవరో ఒక చుట్టం. ఈ మాట అందరూ వింటుండగా అడగలేను.

నాన్న ఊరు మారాలనుకుంటున్నాడు. మన కొత్త సంవత్సరం పండక్కి మిన్నెసోటా నుంచి వచ్చిన మన మువా వంశం వాళ్లందరిదీ ఒకటే పాట. సెయింట్ పాల్‌లో బళ్లు మంచివట, ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ పని దొరుకుతుందట, ప్రతి వీధిలోనూ మన వంశం వాళ్లేనట. ఇక్కడ ద్రాక్ష కోతలు అయిపోతే నాన్నకు పని లేదు. మొన్న అన్నాల దగ్గర నా వైపు తిరిగి, "కాలేజీకి పోతున్నావు కదే. పుస్తకాలు చూసి ఏ ఊరు మంచిదో చెప్పు. నువ్వు ఏదంటే అదే" అన్నాడు.

"పుస్తకంలో చలి ఉంటుందా?" అంది అమ్మ. "చలి ఒంటికి తెలియాలి గాని."

మా ఇంట్లో నాకు ముందు పెన్సిలు పట్టినవాళ్లు లేరు కాబట్టి, పట్టిన నాకు అన్నీ తెలుసని వీళ్ల నమ్మకం. లైబ్రరీకి వెళ్లి చూశాను. వానలు, అద్దెలు, బడి పిల్లల మార్కులు అన్నీ ఉన్నాయి. లావోస్ కొండల నుంచి వచ్చిన మన మోంగ్ ఇల్లు ఒకటి అక్కడ ఎలా బతుకుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నిజం చెప్పు.

ఇంకొకటి నీకు తెలిసిందే. మేం వస్తే నాయనమ్మ మా ఇంటికి మారుతుంది. తల్లి ఉండాల్సింది చిన్నకొడుకు దగ్గర. మేం థాయ్‌లాండ్ శరణార్థుల క్యాంపు నుంచి ఆలస్యంగా బయటపడ్డాం కాబట్టి గాని, లేకపోతే ఆమె మీ ఇంట్లో, పెదనాన్న దగ్గర ఉండిపోయేది కాదు. నువ్వు పంపిన ఫొటోలో ఆమె నీ జుట్టు దువ్వుతోంది. ఆ ఫొటోను మా అద్దానికి అంటించాను. రెండు రోజులు చూసి తీసేశాను.

నీ చెల్లి
పాహువా


సెయింట్ పాల్, మిన్నెసోటా
మార్చి

పాహువా చెల్లీ,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. రావద్దు.

నవంబరులో పడ్డ మంచు ఇంకా మా గుమ్మం ముందే ఉంది. ఇప్పుడు బొగ్గులా నల్లబడింది. పొద్దున పనికి వెళ్లాలంటే ముందు కారును తవ్వి తీయాలి. వీధుల్లో మంచు తీసే రోజున కారు తప్పు పక్కన పెడితే లాక్కుపోతారు. మా నాన్న కారు ఈ శీతాకాలంలోనే రెండుసార్లు పోయింది. మేముండే ఫ్రాగ్‌టౌన్ పేటలో మన వాళ్ల ఇళ్లన్నీ పాతవి. గాలి రాకుండా కిటికీలకు ప్లాస్టిక్ అంటించుకుని, లోపల కోట్లు వేసుకుని కూర్చుంటాం. కాస్త నిలదొక్కుకున్న వాళ్లు ఊరి బయట మేపుల్‌వుడ్ వైపు పోతున్నారు. అక్కడ పచ్చికలే గాని మనుషులు కనిపించరు. పెరట్లో ఒక కోడిని కోసుకుంటే పొరుగావిడ కర్టెన్ తీసి చూస్తుంది.

మన వంశం వాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్న మాట నిజమే. అంటే ప్రతి వీధిలోనూ మనల్ని చూసే కళ్లున్నాయి. నేను బస్సు దిగి ఇల్లు చేరేలోపు, ఎవరితో నవ్వుతూ దిగానో మా అమ్మకు తెలిసిపోతుంది. నీకు అలాంటివి గిట్టవు.

మీరు ఫిబ్రవరిలో ఆవాలకూర పీక్కుని తింటారు. ఇంకేం కావాలి?

నాయనమ్మ బాగుంది. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, కొన్ని వాక్యాలు వదిలేసి.

షెంగ్


ఫ్రెస్నో
ఏప్రిల్

అక్కా,

మీ పక్కింటి అత్త ఇక్కడికి పెళ్లికి వచ్చింది. అన్నం వడ్డిస్తూ నీ సంగతి అడిగాను.

"షెంగా?" అంది. "ఆ పిల్ల సెయింట్ పాల్ వదిలి ఎక్కడికీ పోనంటుందమ్మా. వేసవిలో శనివారం సంతలో చూడాలి, ఆ పిల్లా మీ నాయనమ్మా కూరల బల్ల వెనక కూర్చుని ఒకటే నవ్వులు. మొన్న మా అమ్మాయి చికాగో పోతానంటే, ఇంతకు మించిన ఊరు ఉందా అని మీ అక్కే బుద్ధి చెప్పింది."

అప్పుడు నాకు అర్థమైంది. నువ్వు మంచు గురించి ఒక పేజీ నిండా రాశావు. సంత గురించి ఒక్క ముక్క రాయలేదు.

నీకు భయం నా గురించి. మేం వస్తే నీ గదిలోంచి నాయనమ్మ మంచం లేస్తుందని. అక్కా, రేపు నువ్వు ఏ వాంగ్ వాడినో షియోంగ్ వాడినో చేసుకుని వాళ్ల వంశంలోకి పోతావు. అప్పుడేం చేస్తావు, ఆమెను బట్టల మూటలో పెట్టుకుని పోతావా? ఇన్నేళ్లు ఉంచుకున్నావు. నేను చివరిసారి ఏడేళ్లప్పుడు చూశాను ఆమెను, క్యాంపులో. నన్ను వీపున కట్టుకుని నీళ్ల వరసలో నిలబడేదట. అది కూడా అమ్మ చెబితేనే తెలుసు.

నాన్న పెదనాన్నతో మాట్లాడాడు. వేసవిలో నాయనమ్మ ఒక నెల మా దగ్గర ఉంటుంది. పెదనాన్న వెంటనే సరేనన్నాడట. వెనకాల ఎవరో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించిందన్నాడు నాన్న. అది నువ్వేనా?

పాహువా


సెయింట్ పాల్
మే

పాహువా,

జూన్ మొదటి ఆదివారం విమానం ఎక్కిస్తున్నాం. గుర్తుంచుకోవలసినవి రాస్తున్నాను.

అన్నం మెత్తగా ఉడకాలి. కోడి ఉడికించిన నీళ్లు పక్కన గిన్నెలో పెట్టాలి, అన్నంలో పోయకూడదు. తల వారానికి ఒకసారి అంటాలి. నీళ్లు చల్లబడితే పైకి చెప్పదు, మెడ బిగుసుకుంటుంది, అది చూసుకోవాలి. కుట్టుపని చేస్తూ నిద్రపోతుంది. వేళ్ల మధ్య నుంచి సూది తీసి పక్కన పెట్టాలి. నిద్రలో లావోస్‌లో పోయిన వాళ్ల పేర్లు పిలుస్తుంది. లేపకు. చేయి పట్టుకుంటే ఆగుతుంది. ఎడమ చేయి.

ఇవన్నీ నీకు తెలియవని రాస్తున్నాను.

నెల తర్వాత పంపించండి.

షెంగ్


ఫ్రెస్నో
జూలై

షెంగ్ అక్కా,

నాయనమ్మను నిన్ననే విమానం ఎక్కించాం, నీకు ఈ ఉత్తరం అందేసరికి ఆమె నీ గదిలోనే ఉంటుంది. ఇక్కడ ఎలా ఉందో నీకు తెలియాలి కదా.

కాలువ పక్కన మేం కౌలుకు తీసుకున్న తోట ఉందే, మొదటి రోజు కారు దిగగానే చెప్పులు విప్పేసింది. మట్టి ముద్ద తీసి వాసన చూసింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మాకంటే ముందు లేచి, గుమ్మం దగ్గర పారతో నిలబడేది. మా ఊరి ఎండకు కుర్రాళ్లే పడిపోతారు. ఆమె కాకరపందిరి కింద కూర్చుని కలుపు తీస్తూ పాడేది. నాన్న అన్నాడు, వాళ్ల అమ్మ పాడగా వినడం లావోస్ వదిలాక ఇదే మొదటిసారని. మీ ఇంట్లో పాడుతుందా?

తలంటు నేనే పోశాను. మెడ బిగుసుకోలేదు. నిద్రలో పేర్లేమీ పిలవలేదు. నువ్వు రాసిన వాటిలో సగం అవసరమే పడలేదు.

నీ గురించి అడిగిందా అంటావేమో. తోట పనిలో ఉంటే ఆమెకు ఎవరూ గుర్తుండరు.

విమానాశ్రయంలో మాత్రం నా చేయి వదల్లేదు. ఇది గొప్పకు రాయడం లేదు. సరే, గొప్పకే రాస్తున్నాను.

పాహువా


సెయింట్ పాల్
ఆగస్టు

పాహువా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను.

నాయనమ్మ వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటుంది. పిలిస్తే పలుకుతుంది, కానీ ఎక్కడి నుంచో పలికినట్టుంటుంది. సూది పట్టుకోదు. సంతకు రానంటుంది. క్లినిక్‌కు తీసుకెళ్లాను. రక్తం బాగుంది, గుండె బాగుంది, పెద్దవయసు కదా అని పంపించారు.

నాన్న ఆత్మల పెద్దాయనను పిలిచాడు. ఆయన ముఖానికి నల్లగుడ్డ కట్టుకుని, బల్ల మీద కూర్చుని, గుర్రం మీద పోతున్నట్టు ఊగుతూ చాలాసేపు వెతికాడు. దిగాక నీళ్లు తాగి చెప్పాడు, ఆమె ఒంట్లో ఉండాల్సిన ఆత్మల్లో ఒకటి వెనక్కి రాలేదని. నీళ్ల కాలువ పక్కన, తీగల పందిరి కింద ఉందట.

"దేనికైనా దడుచుకుందా?" అని అడిగాడు నాన్న.

"దడుచుకుంటే తేలిగ్గా వచ్చును" అన్నాడాయన. "ఇష్టపడి కూర్చుంది."

పాహువా, అందరూ ఉన్న గదిలో ఆ మాట విన్నాను. తలుపు తీసుకుని వెళ్లి వెనక మెట్ల మీద కూర్చున్నాను. పదమూడేళ్లు ఆమె పక్క మంచం నాది. నెల రోజులు మీది.

ఇక్కడి నుంచి పిలిస్తే వినబడేంత దూరం కాదట. ఎక్కడ ఉండిపోయిందో అక్కడికి వెళ్లి, మన వాళ్లే పిలవాలి. ఆమె నల్ల రవికె పంపుతున్నాను. ఉతకలేదు. చిన్నాన్నను తోటకు తీసుకెళ్లు. బియ్యం గిన్నెలో గుడ్డు నిలబెట్టి, అగరొత్తులు వెలిగించి పిలవమను. ఆత్మ ఒప్పుకుందో లేదో చెప్పే రెండు కొమ్ము చీలికలు సరిగా పడితే, రవికె మడిచి, నేల మీద పెట్టకుండా ఇంటికి తెచ్చి నాకు పంపు.

నువ్వు చదువుకున్నావు, ఇవన్నీ నీకు ఎలా కనిపిస్తాయో తెలియదు. నేనూ చదువుకున్నాను. అయినా అడుగుతున్నాను.

షెంగ్


ఫ్రెస్నో
ఆగస్టు

అక్కా,

శనివారం తోటకు వెళ్లాం. నాన్న పిలిచాడు. కొమ్ము చీలికలు మొదటిసారికే సరిగా పడ్డాయి, ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. రవికె నా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. ఇందులో ఉంది.

నాయనమ్మకు త్వరగా నయం కావాలి.

పాహువా


సెయింట్ పాల్
సెప్టెంబరు

పాహువా,

నీ ఉత్తరం ఇంత చిన్నదిగా ఎప్పుడూ లేదు.

రవికె తొడిగాం. కోడిని కోసి, గుమ్మంలో నిలబడి ఇక్కడా పిలిచాం, మణికట్టుకు తెల్లదారాలు కట్టాం. నాన్న కట్టాడు, అమ్మ కట్టింది, నేను కట్టాను. ఏమీ కాలేదు. ఇప్పుడు లేచి కూర్చోవడం కూడా లేదు. చెంచాతో గంజి పోస్తున్నాను. సగం బయటికి కారిపోతోంది.

పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఇక్కడ కొమ్ము చీలికలు ఎన్నిసార్లు వేసినా రెండూ బోర్లానే పడుతున్నాయి. ఆయన నన్ను ఒకే ఒక మాట అడిగాడు. నేను నిన్ను అడుగుతున్నాను.

ఆమెను ఏ గుమ్మంలోకి పిలిచారు?

అదే రవికె మళ్లీ పంపుతున్నాను.

షెంగ్


ఫ్రెస్నో
సెప్టెంబరు

అక్కా,

మా గుమ్మంలోకి.

నాన్న పిలిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "అమ్మా, ఎండలో ఉండకు. నీ చిన్నకొడుకు తలుపు తెరిచి ఉంది. నీ మంచం వేసి ఉంది. రా, ఇంటికి పోదాం." చీలికలు వెంటనే సరిగా పడ్డాయి. పడకేం చేస్తాయి, ఇల్లు పది నిమిషాల దూరం.

కారులో నేను అడిగాను.

"నాన్నా, సెయింట్ పాల్ అని అనలేదు నువ్వు."

"ఇల్లన్నాను కదా."

"ఏ ఇల్లు?"

"తల్లికి ఎన్ని ఇళ్లుంటాయే?" అన్నాడు. అని, రేడియో పెట్టాడు.

నాన్న కావాలని చేశాడో, చిన్నప్పటి నుంచి విన్న మాటలే నోటికి వచ్చాయో నాకు తెలియదు. నా సంగతి మాత్రం నాకు తెలుసు. రవికె ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నాకు సంతోషం వేసింది. ఇప్పుడు ఆమె మా ఇంట్లో ఉందనుకున్నాను. వట్టి రవికె నీకు పంపించాను. ఒక్కరోజు, రెండు రోజులు అన్నం తినేటప్పుడు పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి నవ్వుకున్నాను కూడా. నీ ఉత్తరంలో గంజి కారిపోతోందని చదివాక ఆ చోటు వైపు చూడలేకపోయాను.

మళ్లీ పిలవమని నాన్నను అడిగాను. "నా తల్లిని నా నోటితో ఇంకో గుమ్మంలోకి పొమ్మననా? అన్నయ్యను వచ్చి పిలుచుకోమను" అన్నాడు. బతిమాలాను. లేచి బయటికి వెళ్లిపోయాడు.

అమ్మ గిన్నెలో బియ్యం పోసి నా చేతికిచ్చింది. "నువ్వే పిలువు" అంది.

"నాకు ఆ మాటలు రావమ్మా."

"నాకు గుర్తున్నంత వరకు అందిస్తాను. నేను పిలిస్తే లాభం లేదు, వేరే వంశం నుంచి వచ్చినదాన్ని. రక్తం నీది."

మా ఇంట్లో ఉన్నా పొద్దున్నే తోటకే పోతుందని అమ్మ అంటే, వెళ్లి పందిరి కింద నిలబడ్డాను. రవికె చేతి మీద వేసుకుని, అమ్మ అందించిన మాటలన్నీ అన్నాను. తర్వాత నా సొంత తెలివి వాడాను. "ఇక్కడేం లేదు నాయనమ్మా, ఎండకు అంతా మాడిపోయింది, కాలువలో నీళ్లు లేవు, వెళ్లిపో" అన్నాను. చీలికలు రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ అన్నాను. మళ్లీ బోర్లా.

అమ్మ వెనక నుంచి అంది. "ఆత్మకు కళ్లుండవనుకున్నావా? ఎదురుగా కాకరకాయలు వేలాడుతుంటే ఏమీ లేదంటే నమ్ముతుందా? అబద్ధం చెప్పి ఎవర్నీ ఊరు కదిలించలేవు."

అప్పుడు నిజం చెప్పాను. ఇక్కడ బాగుంది నాయనమ్మా అన్నాను. నేల మెత్తగా ఉంది, చిక్కుడు ఇంకా పూస్తోంది, నువ్వు ఉంటే మాకూ బాగుంటుంది. కానీ నీ ఒళ్లు అక్కడ మంచం మీద ఉంది. దాని ఎడమ చేయి పట్టుకుని షెంగ్ కూర్చుని ఉంది. నీకు ఏ నీళ్లు చల్లగా తగులుతాయో ఆమెకు తెలుసు. నాకు తెలియదు. నీ మెడ బిగుసుకోలేదని ఆమెకు రాశాను గాని, నేను చూడనే లేదు. నాకంటే ఆమే నిన్ను బాగా చూసుకుంటుంది. ఈ మాట అనడం నాకు ఇష్టం లేదు. అయినా వెళ్లు. తోవ చెబుతాను, విను. కాలువ దాటు. ద్రాక్షతోటలు దాటు. కొండ ఎక్కి దిగు. ఉప్పునేల వస్తుంది, ఆగకు. మొక్కజొన్న చేలు వస్తాయి, ఎంతకీ తరగవు, ఆగకు. పెద్ద నది వస్తుంది. నది దాటితే ఒడ్డునే ఊరు. నీ పెద్దకొడుకు గుమ్మం తెరిచి ఉంది. షెంగ్ వాకిట్లో ఉంది.

చీలికలు వేశాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

అమ్మ కళ్లు తుడుచుకుని గుడ్డు తీసుకుంది. నేను రవికె మడిచి పట్టుకుని పోస్టాఫీసు దాకా నడిచాను. కౌంటరు మనిషి తూకం వేస్తానంటే కూడా చేతిలోంచి వదలబుద్ధి కాలేదు. ఈసారి అది బరువుగా ఉంది. నీకు నవ్వొస్తే రానీ.

పాహువా


సెయింట్ పాల్
అక్టోబరు

పాహువా చెల్లీ,

రవికె తొడిగిన రోజు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున నేను పనికి తయారవుతుంటే, "అన్నంలోకి మిరపకాయ నూరలేదా?" అంది. అమ్మ చేతిలోని గరిటె పడేసింది. నాన్న పక్కింటికి పరుగెత్తాడు, చెప్పడానికి. ఇప్పుడు కూర్చుంటోంది. నిన్న సూదిలో దారం ఎక్కించమంది.

మీ నాన్న సంగతి నేను మా నాన్నకు చెప్పలేదు. చెప్పను. నేనైతే ఏ గుమ్మం పేరు చెప్పేదాన్నో నాకు తెలుసు.

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని ఇన్ని రోజులు ఆగాను. లేచిన రోజు నేను ఆమె నోరు తుడుస్తుంటే, "చిన్నవాడి కూతురు ఎంత బాగా పిలిచిందే. మా అమ్మ పిలిచినట్టే పిలిచింది" అంది. నువ్వు పిలిచావని అప్పటికి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది. నేను తుడవడం ఆపలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ రెండోసారి కడిగాను. ఇన్నేళ్లలో నన్ను ఆమె ఎవరితోనూ పోల్చలేదు, వాళ్ల అమ్మతో అసలే పోల్చలేదు. ఆ మాట నీది. నా దగ్గర ఉంచుకుంటే కుళ్లిపోయేలా ఉంది. తీసుకో.

చిన్నాన్నకు ఏ ఊరు చెప్పాలని ఫిబ్రవరిలో అడిగావు. ఇది మంచి ఊరు. మంచు నిజమే, కారు పోవడమూ నిజమే. కానీ ఏప్రిల్ చివర మొదటిసారి కిటికీలకు ప్లాస్టిక్ పీకేసిన రోజున వీధి వీధంతా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది. సంతలో మన వాళ్ల బల్లలు వరసగా ఉంటాయి. కొత్తిమీర వాసన రెండు వీధుల అవతలికి వస్తుంది. నీకు కాలేజీ బస్సు మా మూల మీదే ఆగుతుంది. నేను అదే బస్సు ఎక్కేదాన్ని. నాయనమ్మకు నేల కావాలి కాబట్టి ఊరి బయట కౌలు చెక్కలు చూసి వచ్చాను. మీ తోట అంత ఉండదు, వేసవికి మాత్రమే. ఆమెకు చెబితే, మట్టి తెచ్చి చూపించమంది. తెచ్చాను. వాసన చూసి, "పరవాలేదు" అంది.

మా వెనక వీధిలో ఒక ఇల్లు వసంతంలో ఖాళీ అవుతుంది. కింద ఒక గది ఉంది, మెట్లెక్కక్కర్లేదు. కిటికీ తూర్పు వైపు. ఆ గది ఎవరికో నీకు చెప్పక్కర్లేదు.

మంచం మోయడానికి నాన్ననూ తమ్ముళ్లనూ పంపుతాను. నేను రాను. ఆ రోజు పనికి వెళ్తాను, సెలవు ఇచ్చినా వెళ్తాను. నువ్వు మా గుమ్మంలోకి వచ్చి, ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్లేటప్పుడు నేను అక్కడ ఉండకూడదు. మర్నాడు ఆదివారం అయ్యేలా చూడు. ఆదివారం ఆమెకు తల అంటాలి. ఎలాగో నీకు చూపిస్తాను, ఒక్కసారే చూపిస్తాను.

షెంగ్